ఎర్ర టోపీ, పసుపు క్యాసెట్టు

వీడియో గేమ్‌లో మారియో అనే బొమ్మ మనిషి టోపీ ఎర్రదని నాకు పదకొండో ఏట గానీ తెలియలేదు. అప్పటికి ఏడాదిగా రోజూ వాడిచేత గోడలు దూకిస్తూనే ఉన్నాను. మా ఇంట్లో ఉన్నది పద్నాలుగంగుళాల బ్లాక్ అండ్ వైట్ టీవీ. దాని అద్దం ముందు నాన్న ఓ ప్లాస్టిక్ షీటు తగిలించాడు. పైన నీలం, మధ్యలో గులాబీ, అడుగున ఆకుపచ్చ. కలర్ టీవీ కొనలేని ఇళ్ళలో అప్పట్లో అదే కలర్ టీవీ. వార్తలు చదివే ఆవిడకి నీలం జుట్టు, గులాబీ మొహం, ఆకుపచ్చ చీర. మారియో నేలమీద పరిగెడుతుంటే ఆకుపచ్చగా ఉండేవాడు, ఎగిరితే గులాబీ, ఇంకా పైకెక్కితే నీలం. రంగు మారడం కూడా ఆటలో భాగమే అనుకునేవాణ్ణి.

ఆ వీడియో గేమ్ మా ఇంటికొచ్చింది 1994 వేసవి సెలవుల్లో. మాది తెనాలి, గంగానమ్మపేట. బాబాయ్ ఏదో పనిమీద మద్రాసు వెళ్ళి, వస్తూ వస్తూ విదేశీ సరుకూ నకిలీ సరుకూ దొరికే బర్మా బజార్లో దిగాడు. పన్నెండొందలు చెబితే ఎనిమిదొందలకి బేరమాడానని ఆ తర్వాత పదేళ్ళపాటు ప్రతి పెళ్ళిలో చెప్పాడు. అట్టపెట్టె మీద కండలు తిరిగిన ఒకాయన బొమ్మ, చుట్టూ మంటలు. కంపెనీ పేరు మాత్రం ఎక్కడా లేదు. లోపల ఎరుపూ తెలుపూ కలిసిన డబ్బా, దాంట్లోనుంచే తోకల్లా వేలాడుతున్న రెండు రిమోట్లు, ఒక గన్ను, ఇటుకంత అడాప్టరు, ఒక పసుపు క్యాసెట్టు. క్యాసెట్టు మీద పెద్ద అక్షరాలతో ‘9999999 ఇన్ 1’.

అంటే కోటికి ఒకటి తక్కువ. నాన్న కళ్ళజోడు సవరించుకుని అంకెలు రెండుసార్లు లెక్కపెట్టి, “ఆ ఒక్కటీ ఎందుకు మిగిల్చాడో!” అన్నాడు.

నేనూ తమ్ముడూ పాత నోటుబుక్కు ఒకటి తీసి లెక్క మొదలుపెట్టాం. రాత్రికల్లా తేలింది. ఆటలు ఏడు. మారియో, బాతుల వేట, ట్యాంకుల ఆట, రోడ్ ఫైటర్, సర్కస్, గెలాక్సియన్, బైకుల ఆట. మిగతావన్నీ వీటినే తిప్పి తిప్పి రాసిన పేర్లు. 23వ నంబరు నొక్కినా మారియోనే, కాకపోతే నాలుగో లోకంలో మొదలవుతాడు. 41 నొక్కితే రోడ్ ఫైటరే, రెండో రోడ్డు. అయినా మోసపోయామని మాకు అనిపించలేదు. ఏడు ఆటలంటే వారానికి సరిపడా.

ఆ గేమ్‌ని టీవీకి తగిలించడమే ఓ తతంగం. వెనక ఏరియల్ తీగ పీకాలి, డబ్బా తీగ పెట్టాలి, ఛానెల్ నాబు కటకటా తిప్పాలి, దాని చుట్టూ ఉన్న సన్న రింగుని వెంట్రుకవాసి కదుపుతూ కూర్చోవాలి. ముందు చీమలు పాకుతున్నట్టు చుక్కలు, తర్వాత వంకర గీతలు, ఆ గీతల్లోంచి సగం మారియో. అక్కడ ఊపిరి బిగబట్టాలి. ఎవరైనా తలుపు గట్టిగా వేశారా, మళ్ళీ మొదటికే. ఇంత కష్టపడి కుదిర్చాక శుక్రవారం సాయంత్రం సినిమా పాటల టైముకి అమ్మ వచ్చి, “ఏరియల్ పెట్టండ్రా” అనేది. అమ్మ మీద అంత కోపం ఇంకెప్పుడూ రాలేదు.

క్యాసెట్టు అనే మాట మీద తర్వాత రోజుల్లో హైదరాబాదులో నన్ను ఏడిపించినవాళ్ళున్నారు. దాన్ని కార్ట్రిడ్జ్ అనాలట. ఏడుద్దురూ. జపాన్ పిల్లలు కూడా దాన్ని ‘కసెట్టో’ అనేవాళ్ళని తెలిసిన రోజున నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

నేను ఆ చరిత్ర వెతకడం మొదలుపెట్టింది ఉద్యోగంలో చేరాక, ఇంట్లో ఇంటర్నెట్ వచ్చాక. మా పెట్టె మీద పేరెందుకు లేదన్నదే మొదటి అనుమానం. మాది నకలు, దాని అసలు పేరు ఫామికామ్. జపాన్‌లోని క్యోటోలో ఉన్న నింటెండో కంపెనీ 1983 జులై 15న 14,800 యెన్లకి అమ్మకానికి పెట్టిన పెట్టె అది. మా చేతికి వచ్చేటప్పటికి దాని వయసు పదకొండేళ్ళు. మేం తెనాలిలో ట్యాంకులు పేలుస్తున్న ఆ ఏడాది డిసెంబరులోనే జపాన్‌లో కొత్త తరం గేమ్ పెట్టె, మొదటి ప్లేస్టేషన్ వచ్చింది. ఆ కబురు మాకెవరు చెప్పొచ్చారు! మా దృష్టిలో ప్రపంచంలోకెల్లా కొత్త వస్తువు మా ముందుగదిలో ఉంది. పసుపు క్యాసెట్టులో గెలాక్సియన్ 1979 నాటిది, బాతుల వేట 1984, ట్యాంకులూ మారియో 1985. తారీఖులన్నీ చెరిపేసి, ఓ తరం చరిత్రని కిచిడీ చేసి మాకు వడ్డించారు.

అన్నిట్లోకీ నన్ను బాగా పట్టేసింది గన్ను. బటన్ నొక్కితే బొమ్మ కదలడం అర్థమవుతుంది, మధ్యలో తీగ ఉంది కదా. కానీ ప్లాస్టిక్ గన్ను అంత దూరంలో ఉండి, గాజు వెనకాల ఎగిరే బాతుకి గురి తగిలిందో లేదో ఎలా కనిపెడుతుంది? గన్నులోంచి కంటికి కనపడని కిరణం ఏదో వెళుతుందని నా సిద్ధాంతం. కిరణం తగిలి టీవీ అద్దం పగులుతుందేమోనని తమ్ముడి భయం. ఒకరోజు మా వీధిలో పెద్ద పిల్లాడొకడు వచ్చి రహస్యం చెప్పాడు: గన్ను వెలుతురుని పట్టుకుంటుంది, కాబట్టి బల్బు మీద గురిపెట్టి కాల్చితే ప్రతిసారీ బాతు చస్తుంది. మేం కుర్చీ ఎక్కి, అరవై క్యాండిల్ బల్బుకి రెండంగుళాల దూరంలో గన్ను పెట్టి కాల్చాం. ఒక్క బాతూ చావలేదు. పైగా గడ్డిలోంచి కుక్క లేచి ఎప్పటిలాగే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ కుక్కని కాల్చాలని ప్రయత్నించని పిల్లాడు ఆ తరంలో ఉండి ఉండడు.

వీధి పిల్లాడు సగం నిజమే చెప్పాడు. గన్నులోంచి ఏదీ బయటికి వెళ్ళదు, దాని గొట్టంలో ఉన్నది వెలుతురుని గుర్తుపట్టే చిన్న కన్ను. మనం ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క ఫ్రేము, అంటే సెకనులో యాభయ్యో వంతో అరవయ్యో వంతో, పూర్తిగా నల్లబడుతుంది. మరుసటి ఫ్రేములో బాతు ఉన్న చోట తెల్లటి డబ్బా వెలుగుతుంది. గన్ను ముందు చీకటిని, వెంటనే వెలుతురుని చూస్తేనే గురి తగిలినట్టు లెక్క. తెల్లటి మెరుపు మాకూ కనపడేది, అది తూటా పేలిన వెలుగనుకునేవాళ్ళం. రెండు బాతులుంటే డబ్బాలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. బల్బు మీద పెడితే మొదటి చీకటే కనపడదు, అందుకని దొంగాట సాగదు. మా ఎత్తుకి పై ఎత్తు 1984లోనే వేసి పెట్టారన్నమాట.

ఆ బాతుల వెనక ఇంకో కథ ఉంది. ఫామికామ్ తయారుచేసిన ఇంజినీరు మసాయుకి ఉయెమురా. ఆయన మొదట షార్ప్ కంపెనీలో పనిచేస్తూ, వెలుతురు తగిలితే కరెంటు పుట్టించే ఫోటోసెల్స్ అమ్మడానికి నింటెండోకి వెళ్ళాడు. అప్పటికది ఇంకా పేకముక్కలూ బొమ్మలూ చేసే కంపెనీ. అక్కడ గున్‌పెయ్ యొకోయ్ అనే ఇంజినీరు ఆ ఫోటోసెల్స్‌తో 1970లో తుపాకీ బొమ్మ చేశాడు. సెల్స్ అమ్మవచ్చిన ఉయెమురా తర్వాత నింటెండోలోనే చేరిపోయాడు. 1976లో వాళ్ళు గోడమీద బాతు బొమ్మల వెలుగు పడేసి కాల్చే ఆట బొమ్మొకటి అమ్మారు. మా బాతులు ఆ గోడమీద నుంచి ఎగిరి టీవీలోకి వచ్చినవే. మనం బొటనవేలితో నొక్కే ప్లస్సు గుర్తు బటన్ కూడా యొకోయ్‌దే.

గన్ను తోక పట్టుకుని ఇంకా వెనక్కి పోతే రాల్ఫ్ బేయర్ దగ్గర తేలాను. హిట్లర్ జర్మనీ నుంచి 1938లో పదహారేళ్ళ వయసులో కుటుంబంతో అమెరికా చేరిన యూదు కుర్రాడు. టీవీ ఇంజినీరయ్యాడు. 1966లో న్యూయార్క్ బస్ స్టేషన్లో ఎవరికోసమో ఎదురుచూస్తూ, ఇన్ని కోట్ల టీవీలు ఇళ్ళలో ఉన్నాయి, వాటితో చూడ్డం తప్ప ఇంకేం చెయ్యలేమా అనుకుంటూ కాగితం మీద గిలికాడు. మర్నాడు, సెప్టెంబరు 1న, నాలుగు పేజీలు రాశాడు. చుట్టూ చెక్క డిజైను స్టిక్కరు అంటించిన నమూనా పెట్టెని ‘బ్రౌన్ బాక్స్’ అన్నారు. అదే మాగ్నావాక్స్ కంపెనీ పేరుతో ఒడిసీగా 1972లో అమ్మకానికి వచ్చింది. ఇళ్ళలోకి వచ్చిన మొట్టమొదటి వీడియో గేమ్ అది. వెల వంద డాలర్లు.

దాని వివరాలు చదువుతుంటే ఒకచోట కుర్చీలోంచి లేచి కూర్చున్నాను. ఒడిసీకి శబ్దం లేదు, రంగులు లేవు, ప్రాసెసరు లేదు. తెరమీద తెల్లటి చుక్కలూ ఒక గీతా, అంతే. స్కోరు మనమే కాగితం మీద రాసుకోవాలి. మరి ఆట మైదానం, రంగులూ ఎలాగంటే, టీవీ అద్దానికి అంటించుకునే రంగుల ప్లాస్టిక్ షీట్లు పెట్టెతోపాటే ఇచ్చేవాళ్ళు! టెన్నిస్ ఆడాలంటే ఆకుపచ్చ కోర్టు షీటు అంటించుకో, ఇంకో ఆటకి ఇంకో షీటు. వాటితోపాటు పాచికలు, ఉత్తుత్తి డబ్బు నోట్లు. మా నాన్న బజార్లో కొనుక్కొచ్చిన మూడు రంగుల షీటు, అమెరికాలో మొదటి వీడియో గేమ్ పెట్టెలోనే ఉంది. ఒడిసీకి విడిగా గన్ను కూడా అమ్మారు. అది మరీ అమాయకపు గన్ను, బల్బు మీద పెట్టి కాల్చినా తగిలినట్టే ఒప్పుకునేది. మా వీధి పెద్ద పిల్లాడు ఇరవై రెండేళ్ళు ఆలస్యంగా పుట్టాడు, పాపం.

ఇక కాపీ సంగతి. మా పెట్టె నకిలీదని తెలిసినప్పుడు చిన్నతనం అంతా ఎవరి సొత్తో వాడుకున్నట్టు కొంచెం సిగ్గేసింది. కానీ వెతికేకొద్దీ ఆ సిగ్గు పలచబడింది. 1972 మేలో కాలిఫోర్నియాలో ఒడిసీని ప్రదర్శనకి పెడితే చూడ్డానికి వచ్చినవాళ్ళ పుస్తకంలో నోలన్ బుష్నెల్ సంతకం ఉంది. ఆ ఏడాదే ఆయన పెట్టిన అటారీ కంపెనీ పాంగ్ అనే టెన్నిస్ ఆట తెచ్చింది. మాగ్నావాక్స్ కోర్టు వరకూ లాగితే, 1976లో అటారీ లైసెన్సు డబ్బు కట్టి రాజీపడింది. ఆ ఏడాదే పాంగ్ లాంటి ఆటలన్నీ ఒక్క చిప్పులో పెట్టి అమ్మడం మొదలైతే, ఊరూ పేరూ లేని కంపెనీలన్నీ ఆ చిప్పు కొని తలో టెన్నిస్ పెట్టె చేశాయి. నింటెండో 1977లో తన మొదటి టీవీ గేమ్ అమ్మిందీ ఇలాంటి బంతాటలతోనే. బర్మా బజార్ కంటే ముందే ప్రపంచమంతా బర్మా బజారే.

మార్చుకునే క్యాసెట్టు ఆలోచన 1976లో ఫెయిర్‌చైల్డ్ కంపెనీ పెట్టెతో వచ్చింది. ఆ పెట్టె పని నడిపించిన జెర్రీ లాసన్ నల్లజాతి ఇంజినీరు, ఆయన పేరు చాలా ఏళ్ళు ఎవరూ తలవలేదు. తర్వాతి ఏడాది అటారీ పెట్టె వచ్చి అమెరికా ఇళ్ళని ఏలింది. దాని మెమొరీ 128 బైట్లు. కిలోబైట్లు కావు, బైట్లు. ఇప్పుడు మీరు చదివిన ఈ పేరా కూడా అందులో పట్టదు. 1983లో ఆ వ్యాపారం అక్కడ కుప్పకూలింది. ఒక సినిమా పేరు చెప్పుకుని అయిదు వారాల్లో చేసేసిన ఆట క్యాసెట్లని, మిగతా సరుకుతో కలిపి న్యూ మెక్సికో ఎడారిలో పూడ్చిపెట్టారు. 2014లో తవ్వి తీశారు కూడా.

మా పెట్టె కడుపులో ఏముందో నేను కళ్ళారా చూశాను. రెండో ఏడు ఎండాకాలం అడాప్టరు నుంచి కమురు వాసనొచ్చింది. రేడియోలు బాగుచేసే ఆయన వేరే అడాప్టరు ఇచ్చాడు. దాని పిన్నుకి లోపల ప్లస్సు, మాదానికి లోపల మైనస్సు ఉండాలి. అది చూసుకోకుండా పెట్టాడు. ఎర్ర లైటు ఒకసారి మినుకుమని ఆరిపోయింది. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ. ఆయన నాలుగు స్క్రూలు విప్పి పైమూత తీశాడు. డబ్బాలో ముప్పాతిక వంతు ఖాళీ! అరచేయంత బోర్డు, దానిమీద చింతగింజంత నల్లటి బొట్టు, తారు చుక్క పడి గట్టిపడినట్టు. “ఇందులోనే ఉంది నాయనా అంతా,” అన్నాడాయన బొట్టు మీద గోరుతో తడుతూ.

ఉయెమురా పెట్టెలో ప్రాసెసరుకి ఒక చిప్పు, బొమ్మలకి ఇంకోటి, రెండూ రికో కంపెనీ చేసినవి. పనిచేసే మెమొరీ 2 కిలోబైట్లు. పైగా జపాన్ పెట్టెలో నకిలీ క్యాసెట్లని ఆపే తాళం లేదు. 1985లో అమెరికాకి పంపిన బూడిదరంగు పెట్టెలో మాత్రం తాళం చిప్పు పెట్టారు. తాళం లేని ఇల్లు గనక తైవాన్‌లో ఆ రెండు చిప్పులకీ నకళ్ళు తీశారు, ఆనక రెండింటినీ కలిపి ఒక్క నల్ల బొట్టు చేశారు. మారియో ఆట మొత్తం 40 కిలోబైట్లు. జాగా చాలక మేఘానికీ పొదకీ ఒకే బొమ్మ వాడారు, రంగు ఒక్కటే తేడా. బ్లాక్ అండ్ వైట్‌లో చూసిన మాకు అది మొదటిరోజే తెలుసు. మబ్బు ఊడి నేలమీద పడిందిరా అనేవాడు తమ్ముడు.

మా పెట్టె మళ్ళీ బతకలేదు. కొన్నాళ్ళు బోసు రోడ్డు దగ్గర వీడియో గేమ్ షాపు మీద పడ్డాం, గంటకి అయిదు రూపాయలు. ఎర్ర టోపీ చూసింది అక్కడే, కలర్ టీవీలో. ఎవరో వేరే మనిషిని చూసినట్టుంది. కాంట్రా ఆడిందీ అక్కడే. పైకి పైకి, కిందకి కిందకి, ఎడమ కుడి ఎడమ కుడి, బి, ఎ. ఈ మంత్రం నొక్కితే ముప్పై లైఫులు. ఉపదేశం ఇచ్చినవాడికి ఒక చాక్లెట్ దక్షిణ. ఆ మంత్రం ముందుగా పెట్టింది 1986లో గ్రేడియస్ అనే ఆటలో. ఆ ఆటని ఇంటి పెట్టెకి తెచ్చిన కజుహిసా హషిమోతో, తన ఆట తనకే కష్టంగా ఉండి అడ్డదారి వేసుకున్నాడట.

ఈమధ్య అసలు ఫామికామ్‌లో మారియో పాట విన్నాను. ఎవరో వెనకనుంచి తరుముతున్నట్టుంది. జపాన్ టీవీ సెకనుకి 60సార్లు తెర గీస్తుంది, మన దూరదర్శన్ కాలపు టీవీ 50. పాట కూడా ఆ లెక్కనే నడుస్తుంది కాబట్టి మనకొచ్చిన నకిలీ పెట్టెలో ఆరో వంతు నింపాదిగా సాగేది. ప్రపంచానికి అది పరుగు పాట. నాకు మాత్రం మధ్యాహ్నం అన్నం తిన్నాక నడిచే పాట.

రాల్ఫ్ బేయర్ 2014 డిసెంబరు 6న, ఉయెమురా 2021 డిసెంబరు 6న పోయారు. ఒకే తారీఖు. ఉయెమురా గురించి చదువుతూ ఒక రాత్రి బాతుల వేట ఆడే పద్ధతి రాసిన కాగితం దాకా వెళ్ళాను. బర్మా బజార్ పెట్టెలో అలాంటి కాగితం ఎక్కడుంటుంది!

బాతుల వేటలో నాదో వింత రికార్డు. రెండు బాతుల ఆటలో వీధిలో నన్ను మించినవాడు లేడు. ఒక్క బాతు ఆటలో మాత్రం, అది ఇంకా తేలికైనా, నాలుగో రౌండు దాటేవాణ్ణి కాదు. సరిగ్గా కాల్చేముందు బాతు గిరుక్కున తిరిగిపోయేది. గన్ను ఎప్పుడూ నాదే. తమ్ముడు ఏడుస్తాడని, ఆ ఆటలో నాకు అక్కర్లేని మొదటి రిమోట్ వాడి ఒళ్ళో పడేసి, “నువ్వూ ఆడుతున్నావు, నొక్కు” అనేవాణ్ణి. ఆరేళ్ళవాడు, నమ్మేసి బుద్ధిగా నొక్కుతూ కూర్చునేవాడు.

కాగితంలో ఉన్నదేమిటంటే, ఒక్క బాతు ఆటలో రిమోట్ పట్టుకున్నవాడు ఆ బాతుని ఎటు కావాలంటే అటు ఎగరేయొచ్చు.

వాడికి ఫోన్ చేశాను. రాత్రి పదకొండు దాటింది.

“ఒరేయ్, బాతుల ఆటలో రిమోట్ పనిచేసేదని నీకు తెలుసా?”

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత కుక్క నవ్వినట్టు నవ్వాడు.

“రెండోరోజే తెలిసింది అన్నయ్యా. చెబితే రిమోట్ కూడా లాక్కుంటావని చెప్పలేదు.”